అరుగు మీద నీళ్ళు

బందరు
10 మే 1948

అక్కకు,

నేను ప్రాణంతో ఉన్నాను. ఈ ఒక్క మాట ముందు చదువుకొని, ఊపిరి తీసుకొని, తర్వాత మిగతాది చదువు.

జఫర్‌గఢ్ నుంచి బయటపడ్డ మూడో రోజుకు బెజవాడ చేరాను. సంఘం తరఫున నేను రాసిన అర్జీలు రజాకార్లకు దొరికాయని, వాళ్ళ జాబితాలో నా పేరు ఎక్కిందని రైలింజను మీద పనిచేసే మన కాళి నీకు చెప్పే ఉంటాడు. బడికి తాళం వేసి, చెవి నాయిన చేతిలో పెట్టి వచ్చాను. వెంట రమ్మంటే రాలేదు. "నేను చెప్పులు కుట్టెటోణ్ణి. నన్నెవడేం జేస్తడు" అన్నాడు.

బెజవాడలో మన వైపు వాళ్ళు వేలల్లో ఉన్నారు. అక్కడ ఇంకెవరికీ పని దొరకదని మమ్మల్ని కొందరిని బందరు బండి ఎక్కించారు. పగలు ఒక కట్టెల అడితిలో పని చేస్తున్నాను. ఉండటానికి చోటు దొరికింది. కోనేరు దగ్గర ఒక ప్లీడరు గుమాస్తా గారి పెద్ద ఇల్లు. ముందు భాగం మాది. సాయంత్రమైతే సముద్రం గాలి నేరుగా వచ్చి తగులుతుంది. ఉత్తరాలు ఆ ఇంటి నంబరుకే రాయి. పోస్టు బంట్రోతు నన్ను ఎరుగును.

నా మాట వింటే ఇక్కడివాళ్ళకు నవ్వు. మొన్న కాఫీ హోటల్లో "జర నీళ్ళియ్యున్రి" అంటే పక్కనున్న పెద్దమనిషి, "జ్వరమా? ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగాడు.

నాయిన సంగతి రాయి. నువ్వు దవాఖాన దాటి బయట తిరగకు.

నీ తమ్ముడు
యోసేపు

మానుకోట
28 మే 1948

తమ్మీ,

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను కట్లు కట్టే గదిలో ఉన్నాను. ఒకాయన కాలికి సగం కట్టు కట్టి, మిగతా సగం ఆయన చేతికే ఇచ్చి చదువుకున్నాను. దేవుడు మన మొర విన్నాడు.

ముందు భాగం అంటే ఎన్ని గదులు? వంటకు చోటుందా? నువ్వు ఏదీ సరిగ్గా రాయవు.

ఇక్కడ పరేషాన్‌గా ఉంది. కాలిన ఊళ్ళ నుంచి జనం మానుకోటకు వచ్చి పడుతున్నారు. స్టేషను నిండింది, ఇప్పుడు మా దవాఖాన వరండా మీద పడ్డారు. పొద్దున రోగులు వచ్చేసరికి కాలు పెట్టే సందు ఉండదు. డాక్టరమ్మ నన్ను పిలిచి "సాలమ్మా, వరండా ఖాళీగా ఉండాలి" అన్నది. మంచిగా చెప్పి చూశాను, వినలేదు. అందుకని దీపాలు పెట్టే వేళకు ఫినాయిలు కలిపిన నీళ్ళు వరండా అంతా పోస్తున్నాను. ఆ ఘాటుకు ఎవరూ పడుకోలేరు. గంగారం దిక్కు నుంచి గట్టమ్మ అని ఒకామె వచ్చింది, ఒడిలో మూడు నెలల ఆడపిల్ల. "ఒదిగి పండుకుంట, జర ఆ మూల ఇడిసిపెట్టు అక్కా" అన్నది. ఒక్కరికి వదిలితే అందరికీ వదలాలి కదా. ఆ మూల ఇంకో చెంబు ఎక్కువే పోశాను. ఆమె పిల్లనెత్తుకొని స్టేషను వైపు పోయింది. వీళ్ళు ఎక్కడన్నా ఇంత పని చూసుకొని ఒక నీడకు చేరాలి గాని, దొరికిన చోటల్లా పడుకుంటే ఎట్ల? నిన్ను చూసి నేర్చుకోవచ్చు.

నాయినను నీ దగ్గరికి పంపుదామని ఉంది. జఫర్‌గఢ్ వార్తలు మంచిగా లేవు. నువ్వేమంటావు?

ఈ ఉత్తరం కాళికి ఇస్తున్నాను. ఇంజనులో బొగ్గు ఎత్తే పని కదా, బెజవాడ పోయినప్పుడల్లా టపాలో వేస్తాడు. నువ్వూ అతని పేరనే రాస్తూ ఉండు.

ప్రభువు నిన్ను కాచుగాక
సాలమ్మ

బందరు
15 జూన్ 1948

అక్కకు,

నాయినను పంపవద్దు. ఇక్కడి నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఆయనకు పడవు. ఇంటివాళ్ళు కూడా పట్టింపు మనుషులు. ఇంకో నెల ఆగితే ఏదైనా చూస్తాను.

ఫినాయిలు సంగతి చదివాను. ఈ వీధిలోనూ ఒకావిడ ఉంది. రోజూ దీపాల వేళకు అరుగంతా నీళ్ళు పోస్తుంది. అక్కడ పడుకునేవాళ్ళు వీధిలో నిలబడి, అది ఆరేదాకా చూస్తారు. ఎండాకాలం గనుక గంటలో ఆరుతున్నది. వానలు పడితే ఏం చేస్తారో. ఆవిడ చెడ్డ మనిషి కాదు. పోసేటప్పుడు ఎవరి ముఖమూ చూడదు, అంతే.

ఈ ఊళ్ళో మన కోసం సభలు పెడుతున్నారు. నిజాం మీద పోరాడే వీరులని ఉపన్యాసాలు చెబుతారు. పొద్దున అదే మనుషులు మన పక్క నుంచి నడిచిపోతూ ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకుంటారు. వాళ్ళది దొంగ వేషం అనుకోను. దూరంగా ఉన్నవాళ్ళ కష్టానికి నిజంగానే కళ్ళు తడుస్తాయి. కాళ్ళకు అడ్డం పడితేనే తట్టుకోలేరు.

నాయినకు చెప్పు, త్వరలో నేనే కబురు చేస్తానని.

యోసేపు

మానుకోట
1 జులై 1948

యోసేపుకు,

మన వాడ కాల్చేశారు. నాయిన మూటతో, సంచితో నడిచి ఇక్కడికి వచ్చాడు. ఒంటికి దెబ్బలేమీ లేవు. నేనుండే గదిలో మేము నలుగురు ఆడవాళ్ళం, మగమనిషిని ఉండనివ్వరు. నాలుగు రోజులుగా స్టేషనులో పడుకుంటున్నాడు. నాకు తల కొట్టేసినట్టుంది. ఆయన వాళ్ళలాంటివాడా? ఆయనకు కొడుకున్నాడు, ఆ కొడుక్కు ఇల్లుంది.

ఇంటివాళ్ళు పట్టింపు మనుషులని రాశావు. అంటే నీ తండ్రి చెప్పులు కుట్టేవాడని అక్కడ చెప్పలేదన్నమాట. ఇల్లు దొరికాక నాయిన బరువయ్యాడా? ఆ కుట్టిన చెప్పులే నిన్ను బడికి పంపాయి.

వచ్చే శుక్రవారం కాళి వెంట పంపుతున్నాను. బెజవాడలో బందరు బండి అతనే ఎక్కిస్తాడు. అంత పెద్ద ఇంట్లో ఒక ముసలాయనకు చోటు లేదంటే నాకిక ఉత్తరం రాయకు.

సాలమ్మ

బందరు, గిలకలదిండి
24 జులై 1948

అక్కా,

నాయిన క్షేమంగా చేరాడు. ఇక నేను రాసేది కూర్చొని చదువు.

నాకు ఇల్లు లేదు. ఏ రోజూ లేదు. ముందు భాగం అని రాసింది గుమాస్తా గారి వీధి అరుగు. దాని మీద మన వైపు వాళ్ళం ఆరుగురం పడుకునేవాళ్ళం. నువ్వు ఏడుస్తావని రాయలేదు. అదొక్కటే కారణం కాదు. బడిపంతుల్ని, నలుగురికీ అర్జీలు రాసిపెట్టినవాణ్ణి, పొద్దున్నే చీపురు చప్పుడుతో నన్ను లేపి తరుముతున్నారని రాయడానికి చెయ్యి రాలేదు. అరుగు మీద నీళ్ళు పోస్తుందని రాశానే, ఆవిడ ఆ గుమాస్తా గారి భార్యే.

నువ్వు కోపంతో రాసిన కార్డు నేను అడితికి పోయినప్పుడు వచ్చింది. పోస్టు బంట్రోతు దాన్ని ఆవిడకిచ్చాడు. కార్డు కదా, చదివింది. సాయంత్రం నాకు అందిస్తూ, "మా ఇల్లు మీదని రాసుకున్నారా మాస్టారూ?" అని అడిగింది. కోపంగా అడగలేదు. నేను తల ఎత్తలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం నాయిన వచ్చాడు. నేను లేను, తోటివాళ్ళు తర్వాత చెప్పారు. నెత్తిన మూట, భుజాన చెప్పులు కుట్టే సంచి. నేరుగా గడప ముందు నిలబడి, "మా యోసేపు సారు ఇల్లు గిదేనా అవ్వా?" అన్నాడట. ఆవిడ ఆ సంచి వైపు చూసింది. మాది ఏ కులమో, కార్డు చదివిన ఆవిడకు తప్ప ఆ వీధికి అప్పటిదాకా తెలియదు. అయినా, "అవునండి. పనికెళ్ళారు. వచ్చేదాకా అరుగు మీద కూర్చోండి" అన్నదట.

నేను వచ్చేసరికి దీపాల వేళ అయింది. నాయిన గోడకు ఆనుకొని కూర్చున్నాడు. "ఇల్లు మంచిగున్నది బిడ్డా. లోపలికి పోదామా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు ఆవిడ బకెట్టుతో బయటికి వచ్చింది. నాయినను చూసి ఆగింది. లోపలి నుంచి గుమాస్తా గారు, "నిలబడ్డావేం? కానియ్" అన్నారు. ఆవిడ ఆ కొస నుంచి పోసుకుంటూ వచ్చింది. నీళ్ళు నాయిన కిందికి వచ్చాయి. ఆయన కాళ్ళు ముడుచుకొని, మూట ఒళ్ళోకి తీసుకొని నా ముఖం చూశాడు. ఇక నేను చెప్పవలసింది ఏమీ మిగల్లేదు.

లేచి పంచె పిండుకున్నాడు. "అవ్వా, రోజు గిన్ని నీళ్ళు తోడితే చేతులు నొయ్యవా?" అని అడిగాడు.

"నేల చల్లబడుతుందని పోస్తాం" అన్నదావిడ.

"మంచిదే. మేము పండుకునే తాన నాలుగు చెంబులు పొయ్యి, సాలు. కడమదంత ఊకె తడుపుడెందుకు? ఎట్లయిన ఆరిందాక మేము నిలవడుతనే ఉంటం."

ఆవిడ ఖాళీ బకెట్టుతో లోపలికి పోయింది. నాయిన నాతో ఒకే మాట అన్నాడు: "అక్కకు నిజం రాయి. దానికి కోపమొస్తది. రానియ్."

మర్నాటికి ఆ సంచి సంగతి వీధంతా తెలిసింది. అంతవరకు గంజి పోసిన రెండిళ్ళవాళ్ళు మానేశారు. కలరా వస్తుందని, ఇళ్ళలో వస్తువులు పోతున్నాయని వీధివాళ్ళు కాగితం రాసి సంతకాలు పెట్టారు. రాసింది గుమాస్తా గారే. పైకి పంపే ముందు అరుగు మీదే నిలబడి చదివారు. నేనూ అర్జీలు రాసినవాణ్ణి గనుక చెప్పగలను, చాలా బాగా రాశారు. తర్వాత ఒక పోలీసు వచ్చి కర్రతో మా మూటలు వీధిలోకి నెట్టాడు.

ఇప్పుడు గిలకలదిండిలో ఉన్నాం. పల్లెకారుల సత్తమ్మ వలలు పెట్టుకునే తాటాకు పాక కింద చోటిచ్చింది. "పడుకోండయ్యా. ఈ ఇసక మేమేమన్నా మోసుకొచ్చామా?" అన్నది. కులం అడగలేదు. అయినా నిన్న ఎండుచేపలు తగ్గాయని ఆమె మరిది మా మూటలు విప్పించి చూశాడు. ఏమీ దొరకలేదు. విప్పుతుంటే సత్తమ్మ అడ్డం రాలేదు. తలుపులేని మనిషిని నమ్మడం మంచివాళ్ళకూ కష్టమే కాబోలు.

నీ ఉత్తరాలన్నీ చదివి వినిపించమన్నాడు నాయిన. చదివాను. మే నెల ఉత్తరంలో గట్టమ్మ సంగతి వచ్చేసరికి ఆ వాక్యాలన్నీ దాటేశాను. నిన్ను నొప్పించాలని ఇది రాయడం లేదు అక్కా. ఇకనుంచి ఏదీ దాచనని రాస్తున్నాను.

యోసేపు

మానుకోట
12 ఆగస్టు 1948

తమ్మీ,

అబద్ధం రాసినందుకు నీ మీద కోపం ఇంకా పోలేదు. నిజం రాసి ఉంటే నాయినను పంపేదాన్ని కాదు. ఎక్కడ ఉంచేదాన్నో తెలియదు గాని, పంపేదాన్ని కాదు.

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రం బకెట్టు ముట్టలేదు. కంపౌండరు వచ్చి, "యాల్ల దాటుతున్నది సాలమ్మా, ఏమైంది?" అన్నాడు. "చేతులు నొస్తున్నయి. నువ్వే పొయ్యి" అన్నాను. పోశాడు. నేను మానితే నీళ్ళు ఆగుతాయనుకున్నాను. పోసే చెయ్యి మారింది, అంతే. మూడో రోజు వరండా నడుమ చాప వేసుకొని కూర్చున్నాను. "ఇగ నా మీద పొయ్యి" అన్నాను. అతను పోయి డాక్టరమ్మను తోలుకొచ్చాడు.

ఆమె చాలాసేపు చెప్పింది. రోగులకు వీళ్ళ జబ్బులు అంటుతాయి, వీళ్ళకు రోగులవి అంటుతాయి అన్నది. అది అబద్ధం కాదు. "అయితే వెనక వరండా ఇయ్యున్రమ్మా. పొద్దుగాల ఐదింటికి నేనే కడుగుత" అన్నాను. ఒప్పుకుంది. కాని కట్ల గదిలో నుంచి తీసి నన్ను దుప్పట్లు ఉతికే పనికి వేసింది. పదేళ్ళుగా నేర్చుకున్న పని. నా చెయ్యి తేలిక అని రోగులు పేరుపెట్టి అడిగేవాళ్ళు. దాని గురించి ఏడ్చాను, నీకు చెప్పకుండా ఎందుకు ఉండాలి.

వెనక వరండాలో నిన్న పంతొమ్మిది మంది పడుకున్నారు. వాళ్ళలో ఒకామె పొద్దున దుప్పటి ఎత్తుకుపోయింది. కంపౌండరు నన్ను చూసి నవ్వాడు.

గట్టమ్మ లేదు. స్టేషనులో అడిగాను, గూడ్సు షెడ్డులో అడిగాను. పసిపిల్లతో ఉన్న గంగారం ఆమె జూన్‌లోనే పోయిందన్నారు. ఎటు పోయిందంటే, "ఎటన్న పోతరు" అన్నారు. ఆ మాట నేనూ అన్నదాన్నే. ఆ పిల్ల ఉన్నదో పోయిందో అన్న భయం నన్ను అన్నం తిననివ్వడం లేదు.

నువ్వు దాటేసిన వాక్యాలు నాయినకు చదువు. నేనే చదవమన్నానని చెప్పు.

సాలమ్మ

బందరు, గిలకలదిండి
2 నవంబరు 1948

అక్కకు,

నిజాం లొంగిన తర్వాత మన వైపు వాళ్ళు గుంపులు గుంపులుగా ఊళ్ళకు తిరిగి పోతున్నారు. నాయిన ఎల్లుండి బయలుదేరుతున్నాడు. నేను రావడం లేదు. సంఘం అర్జీలు రాసినవాళ్ళ కోసం ఇప్పుడు మిలిట్రీవాళ్ళు వెతుకుతున్నారని జనగామ నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. కొంతకాలం ఇక్కడే ఉంటాను. సత్తమ్మకూ ఇంకో నలుగురు ఆడవాళ్ళకూ అక్షరాలు దిద్దిస్తున్నాను. మూటలు విప్పించిన మరిది కూడా వచ్చి వెనక కూర్చుంటున్నాడు.

వానల్లో నాయినకు జ్వరం వచ్చి తగ్గింది. ఆ పది రోజుల్లో రెండుసార్లు ఎవరో పనిమనిషి చేత మిరియాల కషాయం పంపారు. ఎవరు పంపారంటే చెప్పవద్దన్నారని చెప్పింది. ఆ కంచు చెంబు నాకు తెలుసు. కోనేరు దగ్గర అరుగు కడిగేటప్పుడు చూసేవాణ్ణి.

ఆదివారం శరణార్థులకు వీడ్కోలు సభ పెట్టారు. మన వైపు నుంచి పారిపోయి వచ్చి ఇక్కడ మేడ అద్దెకు తీసుకున్న ఒక దొర కుటుంబాన్ని ముందు కుర్చీల్లో కూర్చోబెట్టి దండలు వేశారు. మాకు వెనక చాపలు. చివర్లో అరుగుల మీద ఉన్నవాళ్ళ తరఫున మాస్టారు రెండు మాటలు చెప్పాలన్నారు. నేను సిద్ధంగానే ఉన్నాను. నీళ్ళ సంగతి, సంతకాల సంగతి, అన్నీ రెండు పేజీల నిండా రాసుకొని పోయాను. లేచి చూస్తే ఆడవాళ్ళ వైపు గుమాస్తా గారి భార్య కూర్చొని ఉంది. తల వంచుకొని, నేను ఏం చెబుతానో తెలిసినట్టే ఉంది. కాగితం మడిచేశాను.

"మీ ఊరి అరుగులు శాన సల్లగుంటయి. మేము యాది మరువం" అన్నాను.

మన మాటకు మొదట నవ్వి, తర్వాత చప్పట్లు కొట్టారు. గుమాస్తా గారూ కొట్టారు. ఆవిడ కొట్టలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లేచి పోయింది. చెప్పవలసింది చెప్పానా, తప్పించుకున్నానా అని ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

గట్టమ్మ వాక్యాలు నాయినకు చదివాను. కుడుతున్న చెప్పు పక్కన పెట్టాడు. తర్వాత, "దీనికి నేనేం జెప్పాలె? పోయి ఆమెనే అడగాలె" అన్నాడు. అందుకే మానుకోటలో దిగుతాడట.

యోసేపు

మానుకోట
25 జనవరి 1949

తమ్మీ,

గంగారం పోయి వచ్చాం, నాయినా నేనూ. చలి తగ్గేదాకా ఆగమంటే ఆగలేదు. గూడూరు దాకా లారీ మీద, అక్కడి నుంచి కాలినడక. అడవి మొదట్లో మిలిట్రీవాళ్ళు మూటలు విప్పించారు. "ముసలోడా, ఎక్కడికి?" అంటే, "ఒకామెను చూసెతందుకు" అన్నాడు. "ఏం కావాలి నీకు?" అంటే, "ఏం కాదు. మా బిడ్డ మాట్లాడాలె" అన్నాడు. మమ్మల్ని పిచ్చివాళ్ళనుకొని వదిలేశారు.

రెండు గూడేల్లో తెలియదన్నారు. మూడో గూడెంలో దొరికింది.

కాలిన గుడిసె చోటనే కొత్తది వేసుకుంటున్నది. వాసాలు నిలబెట్టి, సగం కప్పు గడ్డి కప్పింది. పిల్ల బతికే ఉంది. వాసం పట్టుకొని నిలబడి, మమ్మల్ని చూసి కూర్చుంది. ఆ పిల్లను చూశాక నేనూ అక్కడే నేల మీద కూర్చున్నాను.

ఆమె నిచ్చెన దిగి, చెంబుతో నీళ్ళిచ్చి, "ఏ ఊరక్కా?" అని అడిగింది.

దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ చెప్పాను. "మానుకోట దవాఖాన వరండాల నువ్వు మూల అడిగినవు. నీళ్ళు పోసింది నేనే" అన్నాను.

నా ముఖం చూసింది. గుర్తు తెచ్చుకోవడానికి నిజంగానే ప్రయత్నం చేసింది తమ్మీ, అది నాకు కనిపించింది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"దవాఖాన కాడ లేపిన్రు. టేషన్‌ల లేపిన్రు. మరిపెడ సంతల, మిల్లు కాడ, గుడి కాడ లేపిన్రు. ఒక తాన నీళ్ళు, ఒక తాన కట్టె, ఒక తాన తిట్లు. శాన మంది ఎళ్ళగొట్టిన్రక్కా. అందుల నువ్వెవరో నాకు యాదికి లేదు."

ఫినాయిలు వాసన చెబుదామా, మూల గుర్తు చేద్దామా అనుకున్నాను. నాయిన నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆగిపోయాను. నన్ను గుర్తుపట్టమని ఆమెను ఇంకా ఇబ్బంది పెట్టడం దేనికి?

ఆమె మళ్ళీ నిచ్చెన ఎక్కింది. "ఆ గడ్డి కట్ట జర అందియ్యి" అన్నది. పొద్దు గూకేదాకా నేను అందిస్తూ ఉన్నాను, నాయిన తాళ్ళు పేనాడు. కప్పు పూర్తి కాలేదు. వెళ్తామంటే, "గీ చలిల ఏడికి పోతరు?" అని కప్పు వేసిన వైపు చాప పరిచింది. తను పిల్లను తీసుకొని మా పక్కనే పడుకున్నది.

క్షమించమని అడగడానికి అంత దూరం పోయాను. ఎవరిని క్షమించాలో ఆమెకు తెలియలేదు. అడగకుండానే వచ్చాను.

నాయిన జఫర్‌గఢ్ పోయాడు. నేను దుప్పట్లు ఉతుకుతున్నాను. నువ్వు జాగ్రత్త.

మీ అక్క
సాలమ్మ